ప్రపంచ అటవీ నిర్ణయాలు – గిరిజనుల మాట

నేడు అడవి ఒక్క దేశానికి సంబంధించిన వ్యవహారంగా మిగలలేదు. శేషాచలం కొండలలో పెరిగే మన ఎర్రచందనాన్నే తీసుకోండి. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం (సైటిస్) 1995లో దానిని తన రెండవ అనుబంధంలో చేర్చింది. నిర్ణయం మంచిదే. కాని ఆ సమావేశాలలో ఓటు ప్రభుత్వాలకే గాని, కొండ పాదాన బతికే యానాదికి లేదు. అడవితో బతికేవాడిని అడగకుండా అడవి సంగతి తేల్చడం న్యాయమేనా? అడిగితే ఎవరు, ఎక్కడ అడగాలి? ఇదే యీ వ్యాసంలోని ప్రశ్న.

అడగనప్పటి చరిత్ర

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు, పశువుల మేత, వంటచెరకు – తరతరాలుగా హక్కు అనుకున్నవన్నీ అధికారి దయ మీద ఆధారపడే అనుమతులయ్యాయి. ఆ కష్టమే 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. నైజాం రాజ్యంలో అడవి, భూమి హక్కుల కోసమే పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీం ప్రాణాలిచ్చాడు. ప్రజలు ఒప్పుకోని అటవీ చట్టాన్ని అమలుపరచడానికి చివరకు తుపాకీ తప్ప మరో సాధనం మిగలదని యీ రెండు ఘట్టాలు చెబుతున్నాయి.

ప్రపంచ వేదికలపై

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో 107వ ఒడంబడికను చేసింది. భారతదేశం మరుసటి సంవత్సరమే దానిని ఆమోదించింది. గిరిజనులను మిగతా సమాజంలో కలిపేయడమే దాని ధోరణి. 1989లో వచ్చిన 169వ ఒడంబడిక ఆ ధోరణిని వదలి, వారిని సంప్రదించి తీరాలన్నది. దీనిని మన దేశం ఆమోదించలేదు. 1992 రియో సదస్సు అటవీ సూత్రాలలో ఆదివాసులకు భాగస్వామ్యం కల్పించాలన్న మాట చేరింది. కాని ఆ సూత్రాలకు చట్టబద్ధత లేదు.

2002లో ఐక్యరాజ్యసమితి ఆదివాసుల శాశ్వత వేదిక తొలిసారి సమావేశమైంది. అందులో 16 మంది సభ్యులు. 8 మందిని ప్రభుత్వాలు, 8 మందిని ఆదివాసీ సంస్థలు ప్రతిపాదిస్తాయి. అయినా అది సలహా చెప్పగలదే గాని శాసించలేదు. 2007 సెప్టెంబరు 13న సర్వప్రతినిధి సభ ఆదివాసుల హక్కుల ప్రకటనను 144–4 ఓట్లతో ఆమోదించింది. ముందుగా, పూర్తి సమాచారమిచ్చి, ఒత్తిడి లేకుండా సమ్మతి పొందాలన్నది అందులోని గుండెకాయ వంటి సూత్రం. భారతదేశం అనుకూలంగా ఓటు వేసింది. అయితే స్వాతంత్ర్యం నాటి మన జనాభా అంతా ఆదివాసులే అన్న వైఖరి తీసుకుంది. అందరూ ఆదివాసులే అయితే చెంచుకూ, కోయకూ ప్రత్యేకంగా దక్కేదేమిటి?

సమితి కాగితాలు, గ్రామసభ

ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002లో ప్రపంచబ్యాంకు అప్పుతో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలయింది. భాగస్వామ్యం అన్న మాట ఆ విధంగా గూడేల దాకా వచ్చింది. కాని కొన్నిచోట్ల పోడు భూములలోనే మొక్కలు నాటించారన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి. సమితిలో పేరుంటే సరిపోదు. కాదనే అధికారం కూడా వుండాలి.

ఆ అధికారం ఎలా వుంటుందో పొరుగున ఒడిశాలో కనిపించింది. నియమగిరి కొండలపై బాక్సైటు తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి; పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగిపోయింది. న్యూయార్కు ప్రకటన చేయలేని పనిని చెట్టు కింద కూర్చున్న డోంగ్రియా కోందులు చేశారు.

మన ప్రాంతం మాటేమిటి?

చిత్తూరు జిల్లాలో అయిదవ షెడ్యూలు ప్రాంతం లేదు. కాబట్టి 1996 నాటి పెసా చట్టం పలమనేరుకు వర్తించదు. ఇక్కడి యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు మైదానపు గిరిజనులు. అయితే 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ హద్దు లేదు. అడవి మీద బతికే గిరిజనులకు ఎక్కడైనా అది చెల్లుతుంది. గిరిజనేతరులైతే 75 ఏళ్ల నివాసం చూపాలి. చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం, సామూహిక హక్కులు అందులో వున్నాయి.

మనకు పక్కనే కౌండిన్య అభయారణ్యం వుంది. ఏనుగులు పంటలు తొక్కుతున్నాయి, మనుషులూ ఏనుగులూ ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. అక్కడ కంచె, కందకం, తరలింపు అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అభయారణ్యంలో హక్కుదారులను తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలని ఆ చట్టమే అంటున్నది. ఐక్యరాజ్యసమితిలో పలికిన మాటకు మన చట్టంలో దొరికిన చోటు అదే.

విద్యార్థుల కర్తవ్యం

చదువురాని వారిని అడిగితే అడవి మిగులుతుందా అని కొందరి సందేహం. నియమగిరిలో కొండను నిలిపిందెవరో చూశాం గదా! మనలో చాలామంది అడవి అంచు పల్లెల నుంచి వచ్చినవాళ్లమే. హక్కుల గ్రామసభకు సగం మంది సభ్యులు రావాలని, వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలుండాలని నిబంధన. ఇది ఎన్ని పల్లెలకు తెలుసు? సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు యీ నిబంధనను చదివి వినిపించడం, దరఖాస్తు నింపిపెట్టడం మన చేతిలోని పని. పల్లెలో నోరు విప్పగలిగినవాడి మాటే రేపు ప్రపంచ వేదికపైన కూడా నిలుస్తుంది.