పదవవాని స్థానము
సూరతు యూదుల సమాజమందిరము మనకు నేర్పు పాఠము

చదువవలసిన భాగములు: లూకా 4:16-22, అపొ. కార్యములు 13:14-16, 16:12-15, హెబ్రీయులకు 10:23-25.

పాఠముయొక్క ఉద్దేశ్యము: వారమువారము కూడుకొనుట దేవుని ప్రజలకు అలంకారము కాదనియు, అది వారి ప్రాణాధారమనియు గ్రహించుట.

1. మనము చదివి దాటిపోవు మాట

సువార్తలలోను అపొస్తలుల కార్యములలోను "సమాజమందిరము" అను మాట అనేకసారులు మన కంటబడును. ప్రభువు అక్కడ బోధించెను, రోగులను స్వస్థపరచెను. పౌలు ఏ పట్టణమునకు వెళ్లినను మొదట ఆ గుమ్మమునే వెదకెను. అయినను అది ఎట్టి స్థలము? అచ్చట వారమంతయు ఏమి జరుగుచుండెను? ఈ ప్రశ్నలు వేసికొనకయే మనలో అనేకులు ఆ వచనములను చదివి దాటిపోవుదురు. యెరూషలేము దేవాలయమును సమాజమందిరమును ఒక్కటేయని తలంచువారును కలరు.

అవి రెండును వేరు. దేవాలయము లోకమంతటికి ఒక్కటే. అచ్చట బలిపీఠమును యాజకులును ఉండిరి. సమాజమందిరమైతే ఏ ఊరనైనను ఉండవచ్చును. అచ్చట బలి లేదు. లేఖనపఠనమును ప్రార్థనయు బోధయు మాత్రమే కలవు. క్రీ.పూ. 586లో బబులోనువారు దేవాలయమును కాల్చివేసిన పిమ్మట, చెరలోనున్నవారు దేవుని వాక్యము చుట్టు కూడుకొనుటచేత ఈ పద్ధతి మొలకెత్తెనని అనేక పండితులు తలంతురు. క్రీ.శ. 70లో రోమీయులు రెండవ దేవాలయమును కూల్చినప్పుడు యూదుల భక్తి సమసిపోకుండుటకు ఈ కూడికయే ముఖ్యాధారమాయెను. హెబ్రీ భాషలో ఆ మందిరమునకు "కూడిక గృహము" అని అర్థమిచ్చు పేరు కలదు. గోడలకంటె కూడిక ముఖ్యమని ఆ పేరే సాక్ష్యమిచ్చుచున్నది.

2. తపతీ తీరమున ఒక సమాజము

ఈ సంగతిని గ్రహించుటకు మనము పాలస్తీనాకు పోనక్కరలేదు. గుజరాతుదేశమున తపతీనది యొడ్డుననున్న సూరతు పట్టణము చాలును. మొగలు చక్రవర్తుల కాలమున అది పడమటి సముద్రమునకు గొప్ప రేవు. మక్కాకు పోవు యాత్రికులు అక్కడనే ఓడ యెక్కుచుండిరి. ఆంగ్లేయులును డచ్చివారును అచ్చట వర్తకశాలలు కట్టుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దమున హలెబు, బాగ్దాదు, బస్రా పట్టణములనుండి అరబీ మాటలాడు యూదా వర్తకులు వచ్చి ఆ రేవున స్థిరపడిరి. వారి సంఖ్య నూరుమందికి మించియుండలేదు. అయినను వారు తమకొక సమాజమందిరమును, తమ మృతులకొక శ్మశానవాటికను ఏర్పరచుకొనిరి.

హలెబులో 1762లో జన్మించిన షాలోము కోహెను అను వర్తకుడు 1790ల ఆరంభమున ఈ సూరతునకు వచ్చి వ్యాపారము చేసి, 1798లో కలకత్తాకు వెళ్లెను. కలకత్తాలోని యూదా సమాజమునకు ఆయనయే మొదటివాడని చరిత్రకారులు వ్రాయుదురు. ఆయన తరువాత ఆ సమాజము పెరిగి, 1884లో మాగెన్ డేవిడ్ అను గొప్ప మందిరమును కట్టుకొనగలిగెను.

3. వారి వారము నడిచిన విధము

యూదుల దినము సాయంకాలముతో మొదలగును. ఆదికాండము 1:5 వారికి ఆధారము. కావున విశ్రాంతిదినము శుక్రవారము సూర్యాస్తమయముతో ప్రవేశించును. అంతకుముందే వంట ముగియవలెను, అంగడి మూయవలెను. గృహిణి దీపములు వెలిగించును. బల్లమీద రెండు రొట్టెలుంచుదురు. అరణ్యములో ఆరవ దినమున మన్నా రెండంతలుగా దొరికిన సంగతికి (నిర్గమ 16:22) అవి జ్ఞాపకార్థము. ఇంటి యజమానుడు ద్రాక్షారసపు గిన్నె చేతబట్టి దేవుని స్తుతించును. మన దేశపు బెనె ఇశ్రాయేలు యూదులు ఎండుద్రాక్షలను నీటిలో నానబెట్టి తీసిన రసమును ఇందుకు వాడుట వాడుక.

శనివారము ఉదయమున అందరును మందిరమునకు వత్తురు. యెరూషలేము తట్టు తిరిగి ప్రార్థించుట వారి నియమము గనుక, మన దేశములోని సమాజమందిరములలో గ్రంథపు చుట్టలనుంచు పెట్టె పడమటి గోడయొద్ద నుండును. పెట్టె తెరచి ధర్మశాస్త్రపు చుట్టను బయటికి తెచ్చునప్పుడు అందరును లేచి నిలువబడుదురు. అది తోలుమీద చేతితో వ్రాయబడినది. ఒక్క అక్షరము లోపించినను, సరిచేయువరకు దానిని ఆరాధనలో చదువరు. మోషే ఐదు కాండములను 54 భాగములుగా విభజించి సంవత్సరమంతయు చదువుదురు. విశ్రాంతిదినమున వరుసగా ఏడుగురిని పిలుతురు. పిమ్మట ప్రవక్తల గ్రంథమునుండి ఒక భాగము చదువబడును. పౌలు పిసిదియలోని అంతియొకయలో కూర్చుండి వినినది ఈ క్రమమునే. నజరేతులో ప్రభువు చేతికి యెషయా గ్రంథమియ్యబడుటయు ఈ వాడుక చొప్పుననే.

ఇంకొక విశేషము కలదు. శనివారము చాలదని సోమవారము గురువారము ఉదయములందును ధర్మశాస్త్రమును కొంచెము చదువుదురు. దేవుని వాక్యము వినకుండ మూడు దినములు గడువరాదని పెద్దలు ఏర్పరచిరి. వస్త్రము బేరమాడువాడును ముత్యములు తూచువాడును అంగడి తెరువకముందు వాక్యము వినవలెను. మన సంగతి ఏమి? ఆదివారము విన్నవాక్యము బుధవారమునాటికి మనలో నిలిచియున్నదా?

4. శనివారపు తెలికలవారు

సూరతునకు దక్షిణముగా కొంకణ తీరమున బెనె ఇశ్రాయేలీయులు తరతరములుగా కాపురముండిరి. వారు గానుగలాడి నూనె తీయువారు. చాలకాలమువరకు వారియొద్ద హెబ్రీ గ్రంథములు లేవు, బోధకులు లేరు. అయినను శనివారమున గానుగ కట్టరు. అందుచేత ఇరుగుపొరుగువారు వారిని "శనివార్ తేలీ", అనగా శనివారపు తెలికలవారు, అని పిలిచిరి. గ్రంథము లేని కాలమున వారిని నిలిపినది ఆ యొక్క దినముయొక్క ఆచరణయే. తరువాత 1796లో బొంబాయిలో వారికి మొదటి సమాజమందిరము కట్టబడెను. స్కాట్లాండు మిషనరీయైన జాన్ విల్సన్ దొరగారు 1832లో మరాఠీలో హెబ్రీ వ్యాకరణమును ప్రకటించెను.

ఈ ప్రజలలో గురువులు లేకపోయినను ఆరాధన ఆగలేదు. ప్రార్థన నడిపించుటకు నేర్చిన గృహస్థుడొకడు ముందు నిలుచును. శుభకార్యములందు వారు అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లు కలిపి పళ్లెములో నుంచి, ఏలీయా ప్రవక్తను స్మరించి, దేవునికి కృతజ్ఞతలు చెల్లించి అందరును పంచుకొని తిందురు. ఆరాధన వారిని ఒక బల్లయొద్దకు చేర్చుచున్నది.

5. పదవవాడు

ఇప్పుడు పాఠముయొక్క గుండెకాయవంటి సంగతికి వచ్చితిమి. యూదుల నియమము చొప్పున సమాజప్రార్థన జరుగుటకు పదిమంది పెద్ద మగవారుండవలెను. వేగునకు వెళ్లి చెడ్డ సమాచారము తెచ్చిన పదిమందిని దేవుడు "సమాజము" అని పిలిచిన భాగమునుండి (సంఖ్యా 14:27) వారి పెద్దలు ఈ లెక్కను తీసికొనిరి. ఆలోచింపుడి. పదిమంది అవిశ్వాసముతో కూడి జనమును పాడుచేయగలిగిన యెడల, పదిమంది విశ్వాసముతో కూడి దానిని నిలువబెట్టలేరా?

తొమ్మిదిమంది మహాపండితులు వచ్చినను లెక్క చాలదు. పదిమంది గానుగ త్రిప్పువారు వచ్చినయెడల చాలును. పదవవాడు రానియెడల చుట్టను బయటికి తీసి చదువుట ఆగిపోవును. తండ్రిని పోగొట్టుకొనిన కుమారుడు ప్రజలయెదుట చెప్పవలసిన స్తుతిప్రార్థన చెప్పలేకపోవును. ఒక్కడు ఇంటనుండిన హేతువుచేత తొమ్మిదిమంది నోళ్లు మూతపడును.

సూరతు సమాజమునకు కలిగిన అంతమును ఈ వెలుగులో చూడుడి. వారిని ఎవరును తరుమలేదు. మందిరమును ఎవరును కాల్చలేదు. రేవు వర్తకము క్షీణించి బొంబాయి వర్ధిల్లగా, ఒక్కొక్క కుటుంబము మూట కట్టుకొని వెళ్లెను. వెళ్లినవారు తప్పు చేసిరని చెప్పజాలము. జీవనము వెదకుకొని పోయిరి, పోయినచోట మరల కూడుకొనిరి. అయితే మిగిలినవారు ఏదో యొక శనివారమున లెక్కించుకొనినప్పుడు పదిమంది లేకపోయిరి. తరువాతి శనివారమును లేకపోయిరి. నేడు సూరతులో వారి కూడిక లేదు. గుజరాతు రాష్ట్రమంతటిలో ఆరాధన జరుగు సమాజమందిరము అహమదాబాదులో 1934లో కట్టబడిన మాగెన్ అబ్రాహాము ఒక్కటే. 1948 తరువాత బెనె ఇశ్రాయేలీయులలో అనేకులు ఇశ్రాయేలు దేశమునకు వెళ్లిరి గనుక అచ్చటనున్న సమాజమును చిన్నదే. అయినను మానక కూడుచున్నారు. 2018లో గుజరాతు ప్రభుత్వము యూదులను అల్పసంఖ్యాక మతస్థులుగా గుర్తించెను.

తెలుగువారికిని ఇది దూరపు సంగతి కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపముననున్న కొత్తరెడ్డిపాలెములో బెనె ఎఫ్రాయీము అనబడు చిన్న సమాజమువారు 1990ల ఆరంభమున సమాజమందిరము నేర్పరచుకొని, తెలుగు మాటలాడుచునే యూదుల విశ్రాంతిదినాచరణను చేపట్టిరి.

6. మనకు అన్వయము

మొదటిది. మనము అతిశయింపరాదు. అంటుకట్టబడిన కొమ్మ వేరుమీద అతిశయింపకూడదని పౌలు హెచ్చరించెను (రోమా 11:18). మనము లేఖనము చదివి, వివరించి, ప్రార్థించి, కానుక కూర్చు క్రమము చాలవరకు సమాజమందిరమునుండి వచ్చినదే. యాకోబు తన పత్రికలో క్రైస్తవుల కూడికకును ఆ పేరునే వాడెను (యాకోబు 2:2). మనము నమ్మిన మెస్సీయ ఆ బల్లలమీద కూర్చుండినవాడే.

రెండవది. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడినచోట తానుందునని ప్రభువు వాగ్దానము చేసెను (మత్తయి 18:20). కావున మనకు పదిమంది లెక్క లేదు. ఇది కృప. అయితే ఆ కృపను మనము ఎట్లు వాడుచున్నాము? నేను లేకపోయినను కూడిక జరుగునుగదా అని తలంచి ఇంట నిలిచిపోవుటకా? లెక్క లేనందున మన స్థానమునకు విలువ లేదని కాదు. అవయవములలో ఒకటి లోపించినయెడల శరీరమంతయు బాధపడునని 1 కొరింథీయులకు 12వ అధ్యాయము నేర్పుచున్నది. నీవు రాని ఆదివారమున, నీ పలుకరింపుకొరకే వచ్చిన విధవరాలు పలుకరింపులేక తిరిగి వెళ్లియుండవచ్చును.

మూడవది. ఇది వలసలకాలము. తెలంగాణ జిల్లాలనుండి వెళ్లిన వేలకొలది నేతపనివారు అదే సూరతులో మరమగ్గములయొద్ద పాటుపడుచున్నారు. మన ఊళ్లనుండి యౌవనులు హైదరాబాదునకును బెంగుళూరునకును అన్యదేశములకును పోవుచున్నారు. వెళ్లువాడు మొదట గది వెదకును, తరువాత పని వెదకును. కూడిక వెదకుట ఎన్నవది? ఫిలిప్పీ పట్టణములో పౌలు విశ్రాంతిదినమున ప్రార్థనాస్థలము వెదకుచు నదీతీరమునకు వెళ్లెను. అచ్చట కూడిన కొందరు స్త్రీలే ఆ గొప్ప సంఘమునకు ఆరంభమైరి. మగ్గపు శబ్దము ఆగిన గంటలో నలుగురు కూడినను, అది సంఘమునకు విత్తనమే. పంపు సంఘములు తమ బిడ్డలకు ప్రయాణపు ఖర్చులు మాత్రమే యిచ్చి పంపక, వెళ్లుచోటనున్న విశ్వాసులకు పరిచయపత్రికయు ఇచ్చి పంపవలెను.

నాలుగవది. పల్లెలలో మిగిలినవారి మాట. యౌవనులు వెళ్లగా పదిమంది వృద్ధులే మిగిలిన సంఘములు మనకు తెలియును. వారు తమ కొంచెముతనమును చూచి సిగ్గుపడనక్కరలేదు. గ్రంథములేని తెలికలవారు ఒక్క దినమును పట్టుకొని తరములు నిలిచిరి. గ్రంథమంతయు చేతనున్న మనము నిలువలేమా?

7. ఆలోచించుటకు ప్రశ్నలు

1. గడచిన మూడు మాసములలో నేను కూడికకు రాని ఆదివారములెన్ని? వాటిలో నిజముగా రాలేనివెన్ని, రాననుకొనినవెన్ని?
2. శుక్రవారమే సిద్ధపడు యూదా గృహమువలె, శనివారము రాత్రి మా గృహము ఆరాధనకు సిద్ధపడుచున్నదా?
3. మా సంఘమునుండి వలసవెళ్లినవారి పేరులు మాయొద్ద వ్రాసియున్నవా? వారికొరకు ఎవరు ప్రార్థించుచున్నారు?
4. ఈ వారము నేను వెంటబెట్టుకొని రావలసిన "పదవవాడు" ఎవరు?

ప్రార్థన: అబ్రాహాము దేవా, మా ప్రభువైన యేసు క్రీస్తు తండ్రీ, వాక్యముచుట్టు కూడుకొను ధన్యతను మాకిచ్చినందుకు స్తోత్రములు. మా స్థానము ఖాళీగానుండిన దినములను క్షమించుము. దూరపు పట్టణములలో పనిచేయు మా బిడ్డలకు సహవాసమును దయచేయుము. ఈ గ్రంథమును మాకు కాపాడి యందించిన యూదాజనమును ఆశీర్వదించుము. మేము పిలువబడినప్పుడు ఇదిగో ఉన్నామని లేచి నిలుచు మనస్సు మాకిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.