నగరపు రద్దీ - రహదారి గ్రామముల బాధ్యత

స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతమునుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోవువారు జనగామ, ఆలేరు, భువనగిరుల మీదుగా ఘట్‌కేసరు చేరి, నగరములో ప్రవేశింపకయే, ఔటర్ రింగ్ రోడ్డు అను బాహ్యవలయ రహదారి నెక్కి గమ్యస్థానము చేరగలుగుచున్నారు. ఆ వలయము లేనప్పుడు ఉప్పల్, ఎల్.బి. నగర్ కూడళ్లలో చిక్కుకొనక తప్పెడిది కాదు. ఈ సౌకర్య మెట్లు కలిగినది? ఇది నిలుచుటకు మన పంచాయతీలు చేయవలసిన దేమి? ఈ విషయములను సభ్యులందరును తెలిసికొనుట అవసరము.

వలయ రహదారి ఏల?

బండిచక్రమునకు ఆకులవలె హైదరాబాదు నగరమునకు నలుదిక్కుల నుండియు రహదారులు వచ్చుచున్నవి. నాగపూరు, బెంగుళూరు దిక్కులకు పోవునది 44వ జాతీయ రహదారి. విజయవాడ, పూణే దిక్కులకు పోవునది 65వది. మన ప్రాంతమును తాకుచు వరంగల్లునకు పోవునది 163వది. ఆకులే గాని చుట్టును పూటీలు లేని చక్రమువలె ఈ మార్గములన్నియు నగరమధ్యముననే కలిసినచో, వరంగల్లునుండి బెంగుళూరు పోవు లారీకి నగరములో పని లేకున్నను దాని వీథులన్నియు దాటవలసి వచ్చును.

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమై, ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి అచ్చటికి మారినవి. దానితో నగరమునుండి దక్షిణముగా పోవు మార్గములపై భారము పెరిగినది. ఇందుకు రెండు ఉపాయము లవలంబింపబడినవి. మొదటిది, మెహదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు సుమారు 11.6 కిలోమీటర్ల పొడవున నిర్మింపబడి, 2009 అక్టోబరులో ప్రారంభమైన పి.వి. నరసింహారావు వంతెన మార్గము. రెండవది, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి. దీనియందు గచ్చిబౌలి - శంషాబాదు భాగము 2008లో మొదట తెరువబడగా, కండ్లకోయ వద్ద చివరి భాగము 2018లో పూర్తియైనది.

ఈ వలయమున వాహనములు ఎనిమిది వరుసలలో నడుచును. అయితే దాని బలము వెడల్పునందు మాత్రమే లేదు. నిర్ణీత స్థలములయందు తప్ప దానిపై నెక్కుటకు గాని దిగుటకు గాని వీలులేదు. ద్విచక్ర వాహనములకును, పాదచారులకును ప్రవేశము నిషిద్ధము. స్థానికుల రాకపోకలకు ప్రక్కలందు వేరు బాటలు కలవు.

రహదారి వేసినంతనే సరిపోవునా?

లండను నగరము చుట్టును 188 కిలోమీటర్ల వలయ రహదారి 1986లో పూర్తియైనది. అనతికాలముననే అదియు వాహనములతో క్రిక్కిరిసిపోగా, పలుచోట్ల వెడల్పు చేయవలసి వచ్చినది. మంచి బాట యున్నచోటికి ఇండ్లు, దుకాణములు, గిడ్డంగులు వచ్చి చేరును. వానితో వాహనములును పెరుగును. కావున రహదారిని నిర్మించుట ఎంత ముఖ్యమో, దాని యంచులను కాపాడుట అంత ముఖ్యము.

యాదగిరిగుట్ట ప్రాంతమునుండి వరంగల్లు వరకు మన రహదారి నాలుగు వరుసలుగా విస్తరింపబడినది. కాని వలయ రహదారివలె దీనికి కట్టుదిట్టమైన ప్రవేశములు లేవు. ఊరి బాటలు, పొలము బాటలు నేరుగా వచ్చి దీనిలో కలియును. కనుక దీని వేగమును, క్షేమమును గ్రామముల నడవడిపైననే ఆధారపడి యున్నవి.

పంచాయతీలు చేయదగిన పనులు

1. 2002 నాటి జాతీయ రహదారుల భూమి, రాకపోకల నియంత్రణ చట్టము ప్రకారము రహదారి భూమి నాక్రమించుటయు, అనుమతి లేక దానిలోనికి క్రొత్త బాట తీయుటయు నేరములు. దుకాణము వెలసిన పిమ్మట తొలగించుట కంటె గుంజ పాతునాడే వారించుట మేలు.

2. కోతల కాలమున రహదారిపై వడ్లారబోయు అలవాటు మనయందు కలదు. రాత్రివేళ నల్లని టార్పాలిను కప్పిన కుప్పయు, దాని చుట్టునుంచిన రాళ్లును మోటారు సైకిలుపై వచ్చువానికి కానరావు. రైతును నిందించినందువలన లాభము లేదు. అతనికి వేరు చోటు కావలెను. ఉమ్మడి స్థలమున గట్టి కల్లము లేర్పరచుట పంచాయతీ ప్రథమ కర్తవ్యము.

3. రహదారి ప్రక్క పొలములను ఇండ్ల స్థలములుగా విభజింప గోరువారు సాంకేతికానుమతి పొందిరా యని విచారింపవలెను. ప్రతి స్థలమునుండి రహదారికి ఒక ద్వారము గాక, అన్నిటికి కలిపి లోపలిబాట యుండునట్లు చూడవలెను.

భూమి కోల్పోవువారి హక్కులు

బాహ్యవలయమునకు ఆవల సంగారెడ్డి, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతముల మీదుగా ప్రాంతీయ వలయ రహదారి తలపెట్టబడినది. నగరమునకు కలుగు సుఖమునకై భూమి నిచ్చువాడు గ్రామీణుడే. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము క్రింద ప్రకటన వెలువడిన 21 దినములలోగా భూమియందు హక్కుగలవారు తమ యాక్షేపణలను అధికారికి వ్రాతమూలకముగా తెలుపుకొనవచ్చును. నష్టపరిహారము చాలదని తోచినచో మధ్యవర్తి నాశ్రయింపవచ్చును. 2013 నాటి భూసేకరణ చట్టములోని పరిహార సూత్రములు 2015 జనవరి 1 నుండి ఈ భూములకును వర్తించుచున్నవి.

ఇరువది యొక్క దినములు త్వరగా గడచిపోవును. వార్త ఆలస్యముగా చేరిన చిన్న రైతు తన మాట చెప్పుకొను అవకాశమునే కోల్పోవును. కావున ప్రకటన వెలువడిన వెంటనే దానిలోని సర్వే నెంబరులను పంచాయతీ కార్యాలయమునందు అంటించి, టముకు వేయించి, గ్రామసభలో చదివి వినిపించుట సభ్యుల విధి. వలస వెళ్లినవారికి ఫోనుద్వారా తెలుపవలెను.

రాబోవు గ్రామసభ చర్చనీయాంశములలో రహదారి యంచు, వడ్ల కల్లము అను రెండింటిని చేర్చి, ఏ పని ఎవరు, ఎన్నటిలోగా చేయవలెనో తీర్మానించుకొందురు గాక.