కొరింథులోని న్యాయపీఠము

చదువవలసిన భాగములు: అపొ. కార్య. 18:12-17, 2 కొరింథీ. 5:10



ఈ నెల మనము మనస్సులోనే ప్రయాణము చేసి, గ్రీసు దేశములోని పాత కొరింథు పట్టణపు శిథిలములను దర్శింతము. రోమీయులు క్రీ. పూ. 146లో ఆ పట్టణమును నాశనము చేసిరి. క్రీ. పూ. 44లో యూలియ కైసరు దానిని మరల కట్ట నాజ్ఞాపించెను. అమెరికా పండితులు 1896 మొదలుకొని అచ్చట త్రవ్వి, పట్టణము నడుమనున్న విశాలమైన బహిరంగ స్థలమును వెలికి దీసిరి. మన సంత, మన కచ్చేరి, మన రచ్చబండ ఒక్కచోట చేరినట్లుండెడి స్థలమది.

అచ్చట అంగళ్ల వరుస మధ్య ఎత్తైన రాతి వేదిక యొకటి నేటికిని నిలిచియున్నది. గల్లియోను కూర్చుండిన న్యాయపీఠము ఇదియేయని పండితులు చెప్పుదురు. డెల్ఫీలో దొరికిన శాసనమునుబట్టి అతడు క్రీ. శ. 51-52 ప్రాంతమున అధిపతిగా నుండెనని తెలియుచున్నది.

గల్లియోను పౌలుమీది ఫిర్యాదును కొట్టివేసెను. ఆ తీర్పు సరియైనదే. అయితే ఆ పీఠము నెదుటనే జనులు సొస్తెనేసును కొట్టుచుండగా అతడు లక్ష్యపెట్టలేదు. చట్టము నెరిగిన కన్నులు దెబ్బలు తినువానిని చూడలేదు.

అతనిని నిందించుటకు మాకు నోరు రాదు. ఒకమారు ఒక విధవరాలు తన పొలము గట్టు తగవునుగూర్చి ఆరాధన ముగిసిన తరువాత గుడి వాకిట మాకొరకు నిలిచియుండెను. అది కరణము చూడవలసిన పనియని చెప్పి మేము వెళ్లిపోతిమి. మా మాట చట్టప్రకారము సరియే. కొన్ని వారములకు మేము ఆమె యింటికి వెళ్లునప్పటికి ఆమె ఆరాధనకు వచ్చుటయే మానుకొనెను.

మనమందరము క్రీస్తు న్యాయపీఠము నెదుట నిలువవలెనని పౌలు ఈ కొరింథీయులకే వ్రాసెను. గ్రీకు భాషలో గల్లియోను పీఠమునకును, క్రీస్తు పీఠమునకును ఒక్కటే మాట: బేమా. ఆ పత్రిక విన్నవారికి, సంతకు పోవునప్పుడెల్ల చూచు ఆ రాతి వేదిక జ్ఞాపకము వచ్చియుండును.

తరువాతి కాలమున క్రైస్తవులు ఆ వేదికమీదనే దేవాలయము కట్టుకొనిరి. దేవాలయములో కూర్చుండియు గల్లియోనువలె నుండవచ్చును. కాబట్టి జాగ్రత్తపడుదము.

ఆలోచించుడి: ఈ వారము మన వాకిట నిలిచినవారెవరు? "ఇది మా పని కాదు" అని మనమెవరికి చెప్పితిమి? వారి యింటికి ఎప్పుడు వెళ్లుదుము?