వైపర్ మోటారు పోయిందా, రాడ్లు పట్టేశాయా?

ప్రశ్న: మాది కురుపాం. పాత మారుతి ఓమ్ని వ్యానులో సంతలకు సరుకు తోలుతుంటాను. వాన జోరందుకోగానే వైపర్లు నెమ్మదించి అద్దం మధ్యలో ఆగిపోతున్నాయి. కాసేపయ్యాక మళ్లీ తిరుగుతున్నాయి. మోటారు మార్చేయమంటున్నారు. తప్పదా?
- ఒక డ్రైవరు, కురుపాం

జవాబు: ఇప్పుడే కొత్త మోటారు కొనకండి. కాసేపయ్యాక మళ్లీ తిరుగుతోందంటే మోటారు కాలిపోలేదు, భారం లాగలేక వేడెక్కుతోంది. వేడి ఎక్కువైతే కరెంటు ఆపేసి, చల్లారాక మళ్లీ వదిలే చిన్న బ్రేకరు కొన్ని మోటార్లలోనే ఉంటుంది. కాబట్టి ముందు ఆ భారం ఎక్కడిదో చూడాలి.

బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. రాడ్లు ఒక్కసారిగా కదిలితే వేళ్లు నలిగిపోతాయి. మోటారు క్రాంకు ఏ స్థితిలో ఉందో గుర్తు పెట్టుకుని, దాని నుంచి రాడ్డు ఊడదీసి వైపర్లను చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగకపోతే తప్పు మోటారుది కాదు. వైపర్ చేతులు కూర్చునే ఇరుసులు పట్టేశాయన్నమాట. మన కొండదారుల దుమ్ము, వాననీరు కలిసి అక్కడ గ్రీజును తినేస్తాయి. పాత బండ్లలో నేను మొదట అనుమానించేది ఈ ఇరుసులనే. పైపైన నూనె చుక్కలు వేస్తే వారం రోజులు పనిచేసి మళ్లీ మొరాయిస్తుంది. విప్పి, తుప్పు గీకి, కొత్త గ్రీజు పెట్టించండి.

వైపర్లు తేలిగ్గా తిరిగితే ఎర్త్ చూడాలి. బ్యాటరీ తీగ మళ్లీ కలిపి, మోటారు ఎర్త్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కు విడిగా ఒక తీగ వేసి స్విచ్ నొక్కండి. వేగం పెరిగితే ఎర్త్ బోల్టు తుప్పుపట్టినట్టే. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు.

అప్పటికీ నెమ్మదిగానే ఉంటే మోటారు విప్పించండి. లోపలి కార్బన్లు అరిగినా, గేరు దగ్గర గ్రీజు గట్టిపడినా బాగుచేయవచ్చు. గేరు పళ్లు అరిగిపోతే మాత్రం మోటారు మార్చడమే మేలు.

ప్రశ్న: స్విచ్ ఆపినా వైపర్లు కిందికి రావు, ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ఎందుకు?
- జీపు యజమాని, గుమ్మలక్ష్మీపురం

జవాబు: స్విచ్ ఆపాక కూడా వైపర్లు కిందికి చేరేదాకా కరెంటు అందించే కాంటాక్టులు మోటారు గేరు మూతలో ఉంటాయి. వాటికి మసి పట్టి ఉంటుంది. శుభ్రం చేయిస్తే సరి.

ప్రశ్న: వైపర్ ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతోంది. పెద్ద ఆంపియర్లది వేయవచ్చా?
- ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: వేయకండి. ఫ్యూజు కాలకపోతే తీగ కాలుతుంది, డాష్‌బోర్డు వెనక మంట లేస్తుంది. రాడ్లు పట్టేయడమో, తీగ ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగలడమో కారణం. అది వెతికించి, కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజే వాడండి.

అద్దం ఉన్న బండికి పనిచేసే వైపర్ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989లోని 101వ నిబంధన చెబుతోంది. ఫిట్‌నెస్ పరీక్షలోనూ చూస్తారు. అయితే అసలు భయం తనిఖీ కాదు. కురుపాం, కొమరాడ దారుల్లో ఏనుగులు తిరుగుతుంటాయి. వానరాత్రి అద్దం మసకబారితే మలుపులో ఎదురుగా ఏముందో తెలియదు. వైపర్ బాగయ్యేదాకా రాత్రిపూట ఘాట్ ఎక్కకండి. దారిలో వాన పట్టుకుంటే బండి పక్కకు ఆపి, తెరిపి ఇచ్చాకే కదలండి.