క్రొత్త గొలుసురంపమునకు బలము చాలనిచో

ధవళేశ్వరము చుట్టుప్రక్కల మెరకనేలలందు సుబాబులు, జామాయిలు, సముద్రతీరపు ఇసుకనేలలందు సరుగుడు, కోనసీమయందు కొబ్బరి మన కర్షకులకు ఆదాయమిచ్చు వృక్షములు. పూర్వము వీనిని గొడ్డలితోను, ఇద్దరు లాగు రంపముతోను కోసెడివారు. 1996 నవంబరు 6వ తేదీన తుపాను కోనసీమపై బడి కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. అట్టి యాపదలందు దారికడ్డముగ బడిన మ్రాకులను తొలగించుటకు పెట్రోలుతో నడచు గొలుసురంపము ఎంత యక్కరయో వేరుగ జెప్పబనిలేదు. నేడది అనేక గ్రామములలో గలదు. కాని, “క్రొత్త యంత్రము కొంటిమి, చప్పుడే గాని కోత లేదు” అను మాట మేము తరచుగ వినుచున్నాము. ఈ మాసపు పాఠము దానిని గూర్చియే.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్నియేండ్ల క్రిందట ఒక రైతు తాను క్రొత్తగ కొన్న యంత్రమును మాకు జూపెను. సుబాబులు మ్రానునకు తగిలించినంతనే వేగము తగ్గి ఆగిపోవుచుండెను. కార్బురేటరు మరను లోనికి బిగించిన బలము వచ్చునని వినియుండి, మేమట్లే చేసితిమి. యంత్రము కీచుమని యరచుచు మిక్కిలి వేగముగ దిరిగెను. అందరము సంతసించితిమి. మధ్యాహ్నమగునప్పటికి అది ఒక్కసారిగ బిగిసికొనిపోయెను. విప్పిచూడగా పిస్టను నిలువునా గీచుకొనిపోయి యుండెను. మిల్లునకు కర్ర తోలవలసిన ఆ రైతు నాలుగు దినములు కూలీలను ఊరక కూర్చుండబెట్టవలసివచ్చెను. తీరా పరీక్షింపగా అసలు లోపము కార్బురేటరులో లేనేలేదు, గొలుసు మొండిపడియుండెను. రోగమొకటి, మందొకటి యైనది.

నాటినుండి మేము పాటించు నియమమిది: మరను చిట్టచివర ముట్టవలెను. అంతకుముందు ఈ క్రింది విషయములను వరుసగ జూడవలెను.

మొదటిది, ఓర్పు. క్రొత్త ఎద్దును తొలిదినముననే లోతు దుక్కికి గట్టము గదా! క్రొత్త యంత్రమున పిస్టను, దాని చుట్టలు సిలిండరుతో ఇంకను ఒరసికొని కుదురుకొనవు. మొదటి మూడు ట్యాంకులు ఖర్చగువరకు బరువులేకుండ పూర్తివేగమున త్రిప్పరాదు. అనేక యంత్రములకు నిండుబలము అయిదు మొదలు పదునైదు ట్యాంకుల పని జరిగినపిమ్మటనే వచ్చును.

రెండవది, ఇంధనము. ఇందు పెట్రోలుతో కలిపిన నూనెయే పిస్టనును కాపాడును. 50కి 1 పాలు అని పుస్తకమున వ్రాసియున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అన్నచో 40 మిల్లీలీటర్లు టూస్ట్రోకు నూనె కలుపవలెను. ఉజ్జాయింపుగ పోయరాదు, కొలపాత్రతో కొలువవలెను. కలిపినదానిని నెలకు మించి నిలువయుంచరాదు. మరియొక సంగతి గలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలుపుట సాధారణమైనది. అనేక రంపముల పుస్తకములందు 10 పాళ్ళకు మించరాదని యున్నది. ఇథనాలునందే ప్రాణవాయువుండుటవలన, అదే మర, అదే రంధ్రముతో యంత్రమునకు చేరు మిశ్రమము పలుచనగును. పలుచని మిశ్రమము యంత్రమును వేడెక్కించును. ఇథనాలు గాలిలోని తేమను గూడ పీల్చును. కావున కొంచెము కొంచెముగ కలుపుకొని, పని ముగిసి యంత్రమును దాచునపుడు ట్యాంకును ఖాళీచేయవలెను.

మూడవది, గాలి, పొగ పోవు మార్గములు. చోక్ సగము మూసియున్నదేమో, మీట పూర్తిగ నొక్కినపుడు కార్బురేటరు రెక్క పూర్తిగ తెరచుకొనుచున్నదో లేదో చూడవలెను. గాలి ఫిల్టరును దులిపి శుభ్రపరుపవలెను. సైలెన్సరు జల్లెడకు మసి పట్టిన బలము తగ్గును. కొందరు బలముకొరకు సైలెన్సరు రంధ్రమును పెద్దది చేయుదురు. అందువలన మిశ్రమపు లెక్క మారును, చప్పుడు పెరుగును, ఎండుటాకులపై నిప్పురవ్వ పడు ప్రమాదము గలదు. అట్లు చేయుమని మేము చెప్పము.

నాలుగవది, గొలుసు. “బలము లేదు” అను ఫిర్యాదులు పెక్కు ఇచ్చటనే తీరును. వాడి గొలుసు చెక్కను తునకలుగ కోయును. మొండిది మెత్తని పిండిగ రాల్చును. వరదమునిగిన లంకలలో చెట్ల బెరడునందు ఒండ్రు, ఇసుక చిక్కుకొనియుండును. కొబ్బరి మ్రానునకు వెలుపలిభాగము మిక్కిలి గట్టిది. ఈ రెండును పంటిని త్వరగ మొండిపరచును. యంత్రమునాపి, ఆ గొలుసునకు నిర్ణయించిన లావుగల గుండ్రని ఆకురాతితో, పుస్తకమున జెప్పిన కోణమున, అన్ని పండ్లకు సమానముగ రాకవలెను. పంటిముందుండు చిన్నదిమ్మ సాధారణముగ పంటికంటె 0.65 మిల్లీమీటరు పల్లముగ నుండవలెను. కోత పెరుగునని దానినింకను తగ్గించినచో రంపము ఎగిరి మనిషి ముఖముమీదికి వచ్చును. గొలుసు మరీ బిగువుగ నుండరాదు, వ్రేలాడరాదు, బ్రేకు ఒరయరాదు, బారునకు నూనె అందవలెను.

అయిదవది, బారు పొడవు. 58 సీసీ యంత్రమునకు 22 అంగుళముల బారు తగిలించి యమ్ముట గలదు. సన్నని సుబాబులు, సరుగుడు కోయుటకు 18 అంగుళములు చాలును. పొడవు తగ్గినకొలది గొలుసు ఒరపిడి తగ్గి, ఉన్న బలము కోతకు మిగులును.

ఇవియన్నియు సరిచూచిన పిమ్మటను బలము రానిచో అప్పుడు మరల జోలికి పోవలెను. కొన్ని నూతన యంత్రములకు మరలే యుండవు. మరికొన్నిటికి మూతలు హద్దుగ నుండును. వానిని బలవంతముగ త్రిప్పక అమ్మినవారికడకు గొనిపోవలెను. మరలున్నచో, యంత్రమును అయిదునిమిషములు పనిచేయించి వేడెక్కింపవలెను. కండువా తీసివేసి, పంచె ఎగగట్టి, గొలుసునకెదుట ఎవ్వరును లేకుండ జూచుకొనవలెను.

ఎల్ అను మరను మెల్లగ లోనికి త్రిప్పుచు వేగము హెచ్చినచోట నిలిపి, అచ్చటినుండి పావుచుట్టు వెనుకకు త్రిప్పవలెను. మీట నొక్కగానే తడబడక వేగమందుకొనినచో అది కుదిరినట్లే. పిదప మూడవ మరతో, మీట వదలినపుడు యంత్రము ఆగకుండను, గొలుసు మాత్రము కదలకుండను అమర్పవలెను.

హెచ్ అను మర ప్రాణాంతకమైనది. లోనికి త్రిప్పిన మిశ్రమము పలుచన, వెలికి త్రిప్పిన చిక్కన. మరకు ఎనిమిదవవంతు చుట్టుకంటె మించి ఒకసారి త్రిప్పరాదు. బరువులేకుండ కొలది సెకండ్లు పూర్తివేగమున నడిపినపుడు ధ్వని తెగితెగి గరగరమని వినబడి, మ్రానులో దింపగానే ఏకధారగ మ్రోగవలెను. కీచుమని యరచిన వెంటనే మరను వెలికి త్రిప్పుడు. వేగమును కట్టడిచేయు విద్యుత్పరికరముగల యంత్రములకు ఈ చెవిపరీక్ష చాలదు. టాకోమీటరుతో చూచి పుస్తకములోని సంఖ్యను మించకుండ నిలుపవలెను. తరువాత ప్లగ్గు విప్పి చూడుడు: తెలుపు పలుచనకు, నల్లమసి చిక్కనకు, కాఫీపొడిరంగు సరియైన దానికి గుర్తు.

సోదర కర్షకులారా! టాకోమీటరు ఏడాదికి రెండుమూడుసార్లు పనికివచ్చు వస్తువు. దానిని ప్రతిరైతును కొననక్కరలేదు. ఒక టాకోమీటరును, తగిన ఆకురాళ్ళను, కొలపాత్రను సంఘము కొని యుంచినచో సభ్యులందరికి నుపయోగపడును. కొంచెము చిక్కని మిశ్రమమువలన పోవునది గరిటెడు పెట్రోలు. కొంచెము పలుచని దానివలన పోవునది యంత్రము. ఈ లెక్కను మరువకుడు.