చేతిలో చీపురున్న పునీతుడు

చిరంజీవి మార్టిన్‌కి అమ్మమ్మ దీవెనలు.

నవంబరు 3న సత్యోపదేశం క్లాసులో చిన్నపిల్లలకు పునీత మార్టిన్ దె పోరెస్ కథ నువ్వే చెప్పాలన్నారటగా. "అందరి చేతుల్లో కత్తులూ పూలూ ఉంటే మనవాడి చేతిలో చీపురేంటి అమ్మమ్మా" అని గొణిగావు. అది ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నా.

ఎలకలతో మొదలుపెట్టు, పిల్లలు కదలరు. మఠంలో బట్టలు కొరికేస్తున్నాయని ఎలకలకు మందు పెట్టబోతే, మార్టిన్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, మీవాళ్ళందరినీ తోటలోకి పిలుచుకుపో, రోజూ తిండి నేను పెడతానన్నాడట. అన్నీ వరసకట్టి వెళ్ళిపోయాయట. నిజమేనా అని ఎవడో ఒకడు అడుగుతాడు. పెద్దలు చెప్పుకుంటూ వచ్చిన కథ అను. బుకాయించకు.

ఇక అసలు సంగతి. 1579లో పెరూ దేశంలోని లీమాలో పుట్టాడు. తండ్రి స్పెయిన్ దొర. తల్లి ఆనా, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మనిషి. పిల్లాడికి తల్లి రంగు వచ్చింది, తండ్రి మొదట్లో నా కొడుకే అనలేదు. పన్నెండేళ్ళప్పుడు మంగలి పనికి కుదిరాడు. ఇక్కడ ఎవరైనా నవ్వితే ఆగు. ఆ రోజుల్లో అక్కడ జుట్టు కత్తిరించే చెయ్యే పుండు కోసేది, కట్టు కట్టేది, పన్ను పీకేది. మన పల్లెల్లోనూ ఒకప్పుడు కురుపు లేస్తే వాళ్ళ దగ్గరికే పోయేవాళ్ళం.

పదిహేనేళ్ళకు డొమినికన్ మఠం తలుపు తడితే పనివాడిగానే రానిచ్చారు. నల్లవాళ్ళూ, వాళ్ళ రక్తం కలిసినవాళ్ళూ పూర్తి సభ్యులు కాకూడదని అప్పటి కట్టడి. మఠంవాళ్ళే అలా చేశారా అంటారు పిల్లలు. చేశారు. దాచకు. అతను ఊడ్చాడు, రోగుల గది చూశాడు, వీధిలో పడున్న పుండ్ల మనిషిని తెచ్చి తన మంచం మీదే పడుకోబెట్టాడు. 1603లో గానీ బ్రదర్‌గా తీసుకోలేదు. 1639లో పోయాడు. పోపు ఇరవై మూడో జాన్ పునీతుడని ప్రకటించింది 1962లో. లెక్క కట్టమను, 323 ఏళ్ళు.

ఒక్క మాట దగ్గర మాత్రం జాగ్రత్త. "నల్లగా ఉన్నా మంచివాడు" అనకు. మీ అమ్మ చిన్నప్పుడు నేను అలాగే చెప్పేదాన్ని. ఒకరోజు అది, "నేనూ నల్లగానే ఉన్నాగా అమ్మా" అంది. ఆ 'ఉన్నా' మళ్ళీ నా నోట రాలేదు.

అట్టముక్కతో చీపురు చెయ్యకు. మీ ఇంట్లో అరిగిందే పట్టుకెళ్ళు. చివర్లో ఎలకల కథ మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా చెప్పు.

మీ అమ్మమ్మ