ఇవశబ్దము – ఉపమోత్ప్రేక్షల నిర్ణయము

అలంకారబోధనమున ఇవ, యథా, వా మున్నగునవి ఉపమకును, మన్యే, శంకే, ధ్రువమ్, నూనమ్ మున్నగునవి ఉత్ప్రేక్షకును వాచకములని పట్టికగా వ్రాయించుట పరిపాటి. దానిని కంఠస్థము చేసిన విద్యార్థి ‘ఇవ’ కనబడినంతనే ఉపమ యని నిర్ణయించును. తెలుగున ‘వలె’, ‘అట్లు’ అనువాని గతియు నింతియే. పట్టికను కూర్చిన దండియే ఇవశబ్దము ఉత్ప్రేక్షను గూడ తెలుపునని కావ్యాదర్శ ద్వితీయపరిచ్ఛేదమున చెప్పియున్నాడు. ఆ మాట మాత్రము తరగతివరకు రాలేదు.

దండి చర్చించినది మృచ్ఛకటిక ప్రథమాంకమునను కనబడు అంధకారవర్ణనము. అందు తమస్సు అవయవములను పూయుచున్నట్లును, ఆకాశము కాటుకను కురియుచున్నట్లును వర్ణితము. ఇవశబ్ద మున్నది గనుక ఉపమ యని పూర్వపక్షము. దండి సమాధానము వ్యాకరణమునుండి బయలుదేరును. తిఙంతము ఉపమానము కాజాలదని మహాభాష్యము. క్రియ సాధ్యము, సిద్ధవస్తువువలె మరొకదానికి సాటిగా నిలువదు. పోనీ, పూయు కర్త ఉపమాన మందమా? అతడు క్రియాపదమున అణగియున్నాడు; తన పని సాధించుకొను తొందరలో నున్నవానికి మరొకదానిని అపేక్షించు శక్తి లేదు. శాస్త్రచర్చలో ఇంతటి చమత్కారము అరుదు. ఇక పూతయే ఉపమాన మన్నచో సాధారణధర్మ మేది? ముఖచంద్రులకు కాంతివలె ఇచ్చట పూతకంటె వేరైనది తోచదు. పూతయే ధర్మియు ధర్మమును కానేరదు. కావున తమోవ్యాప్తి పూతగా సంభావింపబడినది, ఇది ఉత్ప్రేక్షయే.

ఈ శ్లోకపు ఉత్తరార్ధమును బోధకుడు విడువరాదు. దుర్జనసేవవలె చూపు నిష్ఫలమైనదని అందున్నది. అక్కడను ఇవశబ్దమే. కాని సేవ సిద్ధమైనది, నైష్ఫల్యము ఉభయసాధారణము, అది ఉపమ. మమ్మటుడు ఈ శ్లోకమును ఉపమోత్ప్రేక్షల సంసృష్టికి ఉదాహరించుట ఇందుచేతనే.

తెలుగునకు ఈ విచారము యథాతథముగ అన్వయింపదు. మన ‘అట్లు’ ధాతుజవిశేషణముపై చేరును. అది తన కర్తను వెంట తెచ్చుకొనగలదు. ‘కుమ్మరి చక్రమును త్రిప్పినట్లు బాలుడు బొంగరమును త్రిప్పెను’ అన్నచో క్రియకు వేరు కర్త కలడు, ఆ పని లోకసిద్ధము, ఉపమ. ‘చీకటి ఊరికి కాటుక పూయుచున్నట్లున్నది’ అన్నచో పూయునది చీకటియే, వేరొకరు లేరు, ఉత్ప్రేక్ష. విద్యార్థి మొదట వెదుకవలసినది ఆ కర్తను.

‘చంద్రుడు నేలకు దిగినట్లు రాజు సభకు వచ్చెను’ అనునది మాత్రము చిక్కైనది. వేరు కర్త కలడు గాని ఆ పని లోకమున లేదు. సాదృశ్యము ప్రధానమన్నచో దండి చెప్పిన అభూతోపమవంటిది; సంభావన ప్రధానమన్నచో ఉత్ప్రేక్ష. ఇట్టి వాక్యమును ప్రశ్నపత్రమున నిచ్చి ఒక్క సమాధానమునకే మార్కులు వేయుట న్యాయము కాదు. హేతువు చూపిన విద్యార్థికి రెండింటను మార్కు లీయవలెను.